పలకరింపు మీద కేసు

ఆ ఎండాకాలం పోలీసులు మా అమ్మ ఏడుపు మీద కేసు పెట్టారు. చెబితే ఒక పట్టాన ఎవరూ నమ్మరు. బస్సులో ఈ మాట ఎప్పుడు వచ్చినా వెనక సీట్లోవాళ్ళు కూడా ముందుకు వంగి, "ఏడుపు మీదనా?" అని అడుగుతారు. అవును, ఏడుపు మీదే. నేను భద్రాచలం డిపోలో కండక్టర్ని. టికెట్ తప్పించుకోవడానికి అబద్ధాలాడేవాళ్ళతో రోజంతా వేగి వేగి, సొంతంగా అబద్ధం ఆడే ఓపిక నాకు మిగల్లేదు.

ముందు మా ఏడుపు సంగతి చెప్పాలి. మేము లంబాడీలం. చాలా రోజుల తర్వాత అయినవాళ్ళు కలిస్తే మా ఆడవాళ్ళు వాళ్ళ భుజం మీద తల ఆనించి, రాగం తీసి ఏడుస్తారు. అది దుఃఖం కాదు, పలకరింపు. ఎట్లున్నావు, తిన్నావా, ఒంట్లో బాగుందా, అన్నీ ఆ రాగంలోనే అడుగుతారు. ఎదుటివాళ్ళు ఆ రాగంలోనే జవాబు చెప్పాలి. మగవాళ్ళు కూడా, ఏడవకపోయినా, అడిగినదానికి రాగంలో బదులివ్వాలి. ఇవ్వకపోతే మనసులో ఏదో పెట్టుకున్నట్టు లెక్క. చావు ఏడుపు పూర్తిగా వేరు. దానికి జవాబు ఉండదు. రెండు రాగాల తేడా మా తండాలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

నాకూ తెలుసు. కానీ నేనెప్పుడూ ఏడవలేదు. సిగ్గు. ఒకసారి మా మేనత్త డిపోకు వచ్చి, క్యాంటీన్ ముందు నా మెడ వాటేసుకుని రాగం తీసింది. ఎవరో పోయారనుకుని డ్రైవర్లందరూ నాకు లీవు ఇప్పించడానికి పరుగెత్తారు. ఆ రోజు నుంచి చుట్టాలెవరు కనబడినా దూరం నుంచే నమస్తే పెట్టి తప్పించుకునేదాన్ని.

మా అమ్మ రూప్లికి అడవి అంచున పోడు చెలక ఉంది. మా నాన్న చేతుల మీద చదునైన నేల అది. పట్టా కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ళయింది. ఇస్తామనీ అనరు, ఇవ్వమనీ అనరు. ఆ వేసవిలో, తునికాకు కోతలు అందుకున్న రోజుల్లో, మొక్కలు నాటుతామంటూ ఫారెస్టువాళ్ళు జేసీబీ తెచ్చి చెలకల చుట్టూ కందకం తవ్వడం మొదలుపెట్టారు. మా తమ్ముడు బలరాంది టెంట్ హౌస్ వ్యాపారం. పెళ్ళిళ్ళకు కుర్చీలు, షామియానాలు కిరాయికిస్తాడు. వాడు ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి జేసీబీ ముందు వేసుకుని కూర్చున్నాడు.

"దరఖాస్తు తేలకముందే తవ్వమన్న ఆర్డర్ ఉంటె సూపియ్యిన్రి సార్. కూసోని సదువుకుంట. సక్కగుంటె నేనే లేస్త" అన్నాడట.

ఆర్డర్ ఎవరూ చూపించలేదు. మర్నాటికి వాడి టెంట్ హౌస్‌లోని కుర్చీలన్నీ చెలకలోకి వచ్చేశాయి. తండా మొత్తం వాటి మీద కూర్చుంది. ముసలివాళ్ళు కునుకు తీశారు, ఆడవాళ్ళు తునికాకు కట్టలు కట్టుకున్నారు, పిల్లలు కుర్చీలు తిరగేసి బండ్లాట ఆడారు. ఒకరు గట్టిగా మాట్లాడింది లేదు, రాయి విసిరింది లేదు. సాయంత్రానికి జేసీబీ వెనక్కి పోయింది. నాకు ఫోన్ చేసి బలరాం నవ్వే నవ్వు. "అక్కా, ఇంత మందికి కుర్చీలేసిన, కిరాయి ఎవల్నడగాలె?" అన్నాడు.

ఆ నవ్వు రెండు రోజులు కూడా నిలవలేదు. నా బస్సు బూర్గంపాడు దాటాక ముత్యాలు అనే మేకల వ్యాపారి ఎక్కాడు. రోజూ ఎక్కే మనిషే. ఆ రోజు టికెట్ తీసుకుని కూడా కూర్చోకుండా నా పక్కనే నిలబడ్డాడు.

"పుష్పమ్మా, మీ తమ్ముడు జూలూరుపాడు పెండ్లికి కుర్చీలేసుకోని పోతుండె గద. క్రాస్‌రోడ్డు కాడ మఫ్టీల వచ్చినోళ్ళు కారుల ఎక్కిచ్చుకపోయిన్రు. ఆటో ఆడనే ఉన్నది. కుర్చీలు గూడ ఆడనే ఉన్నయి."

 చేతిలో టికెట్ మిషన్ ఉంది, బస్సు నిండా జనం ఉన్నారు. చివరి స్టాప్ దాకా టికెట్లు కొడుతూనే ఉన్నాను. ఎవరికి ఎక్కడికి కొట్టానో మాత్రం దేవుడికే తెలియాలి.

డ్యూటీ దిగి యూనిఫాం మీదే మా మండలం పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. ఎస్సై కుర్చీలోంచి లేవకుండానే, "బలరామా? ఎవరమ్మా? ఇక్కడ ఎవరూ లేరు" అన్నాడు. ఆ తొందరలోనే నాకు సగం అర్థమైంది. గుమ్మం దగ్గర సెంట్రీ డ్యూటీలో సాయికిరణ్ అనే కుర్ర కానిస్టేబుల్ ఉన్నాడు. ఎర్రుపాలెం వైపు అబ్బాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. నా బస్సులోనే ఇంటికి పోయి వస్తుంటాడు, ఎప్పుడు కనబడినా నవ్వుతాడు. ఆ రోజు నన్ను చూసి తన బూట్ల వైపు చూసుకున్నాడు.

కొత్తగూడెంలో రాజ్యశ్రీ అని వకీలు ఉంది. సత్తుపల్లి వైపు రైతు కుటుంబం వాళ్ళమ్మాయి, నా బస్సు పరిచయమే. ఫోన్ చేశాను.

"పట్టుకున్న మనిషిని ఇరవై నాలుగు గంటల్లో జడ్జి ముందు హాజరుపరచాలి పుష్పగారూ. అది మీ హక్కు. నేను హైకోర్టులో పిటిషన్ వేయిస్తాను. కానీ వాళ్ళు 'మేం పట్టుకోనే లేదు' అంటున్నారు. అది ఎంతసేపు అంటారో అంతసేపూ అతనికి ప్రమాదం. లోపల ఉన్నాడని ఎలాగైనా బయటపడాలి" అంది.

బయటపడటం ఎలా? మూడో రోజుకు తండా ఆడవాళ్ళంతా స్టేషన్ ముందు ధర్నా చేద్దామన్నారు. స్టేషన్ గేటుకు బోర్డు కట్టి ఉంది. పోలీసు యాక్టు అమల్లో ఉంది, అనుమతి లేకుండా ధర్నాలు, ర్యాలీలు, మైకులు, నినాదాలు నిషేధం అని. నేను ఫోన్లో ఫోటో తీసుకొచ్చాను. అమ్మ గుడిసె ముందు కూర్చుని స్టాపుల పేర్లు చదివినట్టు గట్టిగా చదివాను. చదువుతుంటేనే నాకు తట్టింది.

"ఈ బోర్డుల ఏడవద్దని లేదు" అన్నాను.

మా అమ్మ చప్పున తలెత్తింది. "బతికున్న కొడుకు మీద ఏడుస్తరానే? నోరు కడుక్కో."

"సావు ఏడుపు గాదమ్మా. పలకరింపు. నువ్వు వాన్ని సూడక మూడు దినాలాయె. పలకరియ్యి. లోపట ఉంటె జవాబిస్తడు. అందరం ఇంటం."

ఎప్పుడూ ఏడవని నా నోట ఆ మాట విని ఇంకోరోజైతే నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. చేతిలోని తునికాకు కట్ట బిగించి కట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"జవాబు రాకుంటే?"

 జవాబు రాకపోతే దాని అర్థం ఏమిటో అందరికీ తెలుసు. పలకరింపుకు జవాబు రాకపోతే మిగిలేది ఇంకో రాగమే. నేను తెచ్చిన ఉపాయానికి నాకే భయమేసి, ఇంక వద్దులే అమ్మా అనబోతుంటే, మా అమ్మ కట్ట పక్కన పడేసి లేచి కొంగు సర్దుకుంది.

"అడగకుంటె ఎట్ల తెలుస్తది? పాండి" అంది.

సెలవు పెట్టడానికి ఫోన్ చేస్తే మా డిపో మేనేజర్ సంగతంతా విని, "యూనిఫాంలో మాత్రం ఏడవకు తల్లీ" అని ఒక్క షరతు పెట్టాడు. ఆడవాళ్ళందరం ఆధార్ కార్డులు చూపించి పైసా లేని జీరో టికెట్ల మీద మండలం చేరాం. ప్రభుత్వం బస్సిచ్చి మరీ పంపినట్టే అయింది.

స్టేషన్ ప్రహరీకి కొంచెం అవతల నేల మీద కూర్చున్నాం. మా అమ్మ కూర్చోలేదు. తిన్నగా వెళ్ళి స్టేషన్ వెనక గోడకు నుదురు ఆనించింది, కొడుకు భుజానికి ఆనించినట్టే. మా లంబాడీ భాషలో రాగం తీసింది.

ఆ గొంతు నేను చిన్నప్పటి నుంచి విన్నదే. ఆ రోజు కొత్తగా విన్నాను. నా కొడకా బలరామా, ఎండకు పోయినవా నీడకు పోయినవా, నిన్ను తీసుకపోయిన బండి నీ ఇంటి తొవ్వ మరిసిందా, నీ కుర్చీలు రోడ్డు మీద నిన్ను అడుగుతున్నయి, తిన్నవా కొడకా, తిన్నవా. అడిగినదే మళ్ళీ అడిగింది. వెనక ఆడవాళ్ళందరూ అందుకున్నారు.

ఎస్సై బయటికి వచ్చాడు. "ఏందమ్మా గిది? ఎవరు సచ్చిన్రు?"

"ఎవలు సావలేదు సార్. పలకరిస్తున్నం" అన్నాను.

"ఎవర్ని?"

"మీరు లేడన్నోన్ని."

అతను నా వైపు ఒక్క క్షణం కోపంగా చూసి, బోర్డు వైపు చూశాడు. బోర్డులో తనకు కావలసిన మాట లేనట్టుంది, మళ్ళీ నా వైపు చూశాడు. గేటు దగ్గర సాయికిరణ్ రాయిలా నిలబడి ఉన్నాడు. లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. మా అమ్మ రాగం ఆపలేదు. తిన్నవా కొడకా అన్న చోటికి వచ్చినప్పుడల్లా కాస్త ఆగి, వింటోంది. రోడ్డు మీద బొగ్గు లారీ ఒకటి పోయింది. ఆ మోత అణిగేదాకా ఆగి అమ్మ మళ్ళీ అడిగింది. మా అమ్మ గొంతు సన్నబడుతోంది. వెనక ఒక ముసలామె రాగం నెమ్మదిగా చావు రాగం వైపుకు ఒరిగిపోతుంటే, నేను గిరుక్కున తిరిగి ఆమె నోరు మూశాను.

అప్పుడు వచ్చింది జవాబు. గోడ అవతల నుంచి, గరగరలాడే గొంతుతో, రాగం తప్పకుండా.

"హా యాడీ... తిన్నా యాడీ... మంచిగున్న యాడీ..."

యాడీ అంటే అమ్మ. లోపల ఏదో తలుపు ధడాలున మూసుకుంది. కానీ అప్పటికే అందరం విన్నాం. మా అమ్మ గోడను రెండు చేతులా వాటేసుకుంది. నేను ఎస్సై మొహం చూశాను. అతను, "ఎవడో తాగుబోతు" అని లోపలికి పోయాడు.

మర్నాడు బలరాంను కోర్టులో హాజరుపరిచారు. కమిలిన పెదవి మీద వాపు ఉంది, కానీ మనిషి నిలబడి ఉన్నాడు. రిమాండ్ చేసి ఖమ్మం జైలుకు పంపారు. కొడుకు జైలుకు పోయాడని సంబరంగా చాయ్ పోసిన తల్లి ఈ లోకంలో మా అమ్మ ఒక్కతే అయ్యుంటుంది. జైల్లో ఉన్నాడంటే లెక్కలో ఉన్నట్టు. ఇక మాయం చేయలేరు.

అయితే కేసు గట్టిగా కట్టారు. మేము స్టేషన్ గోడ దగ్గర పలకరించిన రోజునే బలరాం అడవిలో మీటింగ్ పెట్టి, ఫారెస్టువాళ్ళ మీద దాడికి కుట్ర చేశాడట. తెల్లారి అక్కడే దొరికాడట. ఆ రోజు అడవిలో ఉన్నవాడు గోడ అవతల ఎలా పలికాడు? మేము చెబితే అయినవాళ్ళ మాట అంటారు. బెయిలు రాలేదు. పైగా మా అందరి మీదా బైండోవర్ పెట్టారు. అంటే, మేము శాంతికి భంగం కలిగించాం కాబట్టి ఇక ముందు బుద్ధిగా ఉంటామని తహసీల్దారు ముందు పూచీ రాసివ్వాలి. నేరం ఏమిటయ్యా అంటే, గుర్తుతెలియని భాషలో నినాదాలివ్వడం.

"రాసిచ్చేద్దామా మేడం? అయిపోతది" అన్నాను రాజ్యశ్రీతో.

"ఎందుకివ్వాలి? పలకరించినందుకా?" అంది. "సాక్షిని పిలవమందాం. వాళ్ళ సాక్షినే."

ఆ సాక్షి సాయికిరణ్. సెంట్రీ డ్యూటీలో ఉన్నది తనే కాబట్టి ఎస్సై తన పేరే ఇచ్చాడు. ఈ మధ్యలో ఒక సాయంత్రం అతను మఫ్టీలో నా బస్సెక్కాడు. సీట్లు ఖాళీగా ఉన్నా ఫుట్‌బోర్డ్ దగ్గరే నిలబడ్డాడు. నేను పలకరించలేదు. నా కోపం నాకుంది. కొంతదూరం పోయాక తనే అడిగాడు.

"మీ అమ్మగారు ఆ రోజు ఏం అడిగారండీ?"

"తిన్నవా అని అడిగింది."

"అతనేమన్నాడు?"

"తిన్నా అన్నడు. మంచిగున్న అన్నడు."

కిటికీలోంచి బయటికి చూస్తూ, "తినలేదండీ" అన్నాడు. తను దిగాల్సిన స్టాప్ ఇంకా రాలేదు. అయినా బస్సు ఆపించుకుని దిగిపోయాడు.

ఈ మాట నేను మా అమ్మకు చెప్పలేదు. రాజ్యశ్రీకి కూడా చెప్పలేదు. ఏమని చెప్పాలి? పోలీసు మనసు కరిగిందని సంబరపడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఎస్సై పక్కన కూర్చున్నాక అదే మనసు మళ్ళీ గడ్డకట్టవచ్చు.

తహసీల్దారు వెంకటరామారావు నిదానస్తుడు. ఆఫీసు గదిలో ఫ్యాను తిరుగుతున్నా అందరికీ చెమటలు పోస్తున్నాయి. మా ఆడవాళ్ళు గది నిండా నిలబడ్డారు. సాయికిరణ్ యూనిఫాంలో వచ్చి, ఎస్సైకి సెల్యూట్ కొట్టి నిలబడ్డాడు. నినాదాలిచ్చారు, ట్రాఫిక్ ఆగింది, శాంతికి భంగం కలిగింది అని అప్పజెప్పాడు. నేర్పించిన పాఠమని తెలుస్తూనే ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"ఏం నినాదాలిచ్చారయ్యా?" అని తహసీల్దారు అడిగాడు.

"వాళ్ళ భాషలో సార్. నాకు అర్థం కాలేదు."

రాజ్యశ్రీ లేచింది. "అర్థం కాకపోతే అవి నినాదాలని మీకెలా తెలిసింది?"

"ఒకళ్ళు అంటే మిగతావాళ్ళు అందుకున్నారు మేడం. నినాదాలంటే అలాగే కదండీ ఇస్తారు."

ఎస్సై తల ఊపాడు. జవాబు బాగా కుదిరిందన్నట్టు కాలు మీద కాలు వేసుకున్నాడు.

"అందుకున్నవాళ్ళంతా బయటే ఉన్నారా?"

సాయికిరణ్ ఎస్సై వైపు చూశాడు. తర్వాత మా అమ్మ వైపు చూశాడు. మా అమ్మకు ఈ తెలుగు ప్రశ్నలు సగమే అందుతున్నాయి. ఆ పిల్లవాడు చెమటతో తడిసిపోవడం చూసి, తన చేతిలోని మంచినీళ్ళ సీసా కావాలా అన్నట్టు ముందుకు చాచింది.

"లేదు మేడం" అన్నాడు. "లోపల్నుంచి కూడా ఒకళ్ళు అందుకున్నారు."

"లోపలంటే?"

"స్టేషన్ లోపల. వెనక గదిలోంచి."

"ఎవరు?"

"బలరాం, మేడం. అతను కూడా నినాదం ఇచ్చాడు."

ఎస్సై కాలు కిందికి దించాడు. వాంగ్మూలం రాస్తున్న క్లర్కు చెయ్యి ఆగిపోయింది. "సార్, ఇది కూడా రాయమంటారా?" అని అడిగాడు.

"సాక్షి చెప్పింది రాయక, నువ్వనుకున్నది రాస్తావా?" అన్నాడు తహసీల్దారు.

ఆ అబ్బాయి నోరు జారాడో, జారనిచ్చాడో నేను ఈ రోజుకీ అడగలేదు. నినాదం అనమన్నారు, చివరిదాకా నినాదమనే అన్నాడు. తర్వాత అతన్ని ఎక్కడికో దూరం బదిలీ చేశారు. వెళ్ళే ముందు నా బస్సెక్కినప్పుడు పాసు చూపిస్తూ నా కళ్ళలోకి చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ వాంగ్మూలం పట్టుకుని రాజ్యశ్రీ బెయిలు తెచ్చింది. బైండోవర్ కొట్టేశారు. కుట్ర కేసు ఇంకా నడుస్తోంది గానీ దాని నడుం ఆ రోజే విరిగింది. అక్రమంగా పట్టి ఉంచినందుకు మేము వేసిన కేసూ నడుస్తోంది. కందకం మాత్రం తవ్విన చోటే ఆగి ఉంది. వానలకు అందులో నీళ్ళు నిలిస్తే మా వాళ్ళ బర్రెలు దిగి ఈదుతున్నాయి.

బలరాం బయటికి వచ్చే రోజు నేను పట్టుబట్టి ఖమ్మం సర్వీసుకే డ్యూటీ వేయించుకున్నాను. తొలకరి పడింది. వాడు చేతిలో ప్లాస్టిక్ సంచితో నా బస్సెక్కాడు. చిక్కిపోయాడు. నేను టికెట్ మిషన్ తీశాను.

"పైసలు తియ్యి. జైలు నుంచొచ్చినా మగోళ్ళకు జీరో టికెట్ లేదు" అన్నాను.

"గిదేం ప్రజాస్వామ్యమక్కా?" అన్నాడు. బస్సంతా నవ్వింది.

తండా మలుపు దగ్గర మా అమ్మ, ఆడవాళ్ళు వానలో తడుస్తూ నిలబడి ఉన్నారు. వాడు దిగాడు. మా అమ్మ ఈసారి గోడను కాదు, నిజం భుజాన్ని పట్టుకుంది. తల ఆనించింది. రాగం తీసింది. ఆ రోజు అడిగిన మాటే అడిగింది. తిన్నవా కొడకా, తిన్నవా.

మా పద్ధతిలో ఎప్పుడూ మంచిగున్నాననే చెప్పాలి. వాడు ఈసారి అదే రాగంలో, మాట మార్చి చెప్పాడు.

"లేదు యాడీ... ఆ దినం తిన్లే యాడీ... శానా ఆకలైంది యాడీ..."

మా అమ్మ గొంతు ఒక్కసారి తెగిపోయింది. రాగం లేకుండా, ఏ పద్ధతీ లేకుండా భోరుమంది. ఆ గోడ దగ్గర కూడా కారని కన్నీళ్ళు అప్పుడు కారాయి. నేను ఫుట్‌బోర్డ్ మీద కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

"కండక్టరమ్మా, టైమైతంది. రైట్ చెప్పరాదు?" అని వెనక సీట్లోంచి ఎవరో అరిచారు.

నేను టికెట్ మిషన్, క్యాష్ బ్యాగు డ్రైవర్ పక్కన పెట్టాను.

"ఆపుండన్నా. నా వంతున్నది" అని యూనిఫాంలోనే వానలోకి దిగాను.